నిద్రలో పళ్ళు కొరుకుతున్నారా?

ఉదయం లేవగానే దవడలు బిగుసుకుపోయి ఉంటాయి. ఆవులించబోతే చెవి ముందున్న కీలు 'టక్కు'మంటుంది. కణతలు సలుపుతుంటాయి. చెవిపోటేమోనని చెవి వైద్యుని వద్దకు, చూపు మందగించిందేమోనని కంటి వైద్యుని వద్దకు తిరిగేవారున్నారు. అక్కడ ఏ లోపమూ కనబడదు. చివరకు అసలు రహస్యాన్ని బయటపెట్టేది ఇంటి ఇల్లాలు: "రాత్రంతా ఒకటే పళ్ళు కొరుకుడండీ! ఆ చప్పుడుకు నాకు కంటిమీద కునుకు లేదు."

కొరికిన మనిషికి ఆ సంగతే తెలియదు. అందువల్లనే ఈ అలవాటు ఏళ్ళ తరబడి బయటపడకుండా సాగిపోతుంది.

వైద్యులు దీనిని 'బ్రక్సిజం' అంటారు. పళ్ళు నూరడమనే అర్థం గల గ్రీకు మాట నుండి ఈ పేరు వచ్చింది. 1907లో మారీ, పీత్కీవిచ్ అనే ఇద్దరు వైద్యులు ఫ్రెంచి భాషలో 'బ్రుక్సోమనీ' అన్న పదాన్ని వాడుకలోకి తెచ్చారు.

పురుగులా? కోపమా?

పసివాడు నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయని పెద్దలు తీర్మానిస్తారు. పురుగులుంటే మందు వేయవలసిందే. కాని పళ్ళు కొరకడానికి అవే కారణమని శాస్త్రీయంగా రుజువు కాలేదు. చాలామంది పిల్లలలో ఈ అలవాటు వయసుతోపాటు తనంతట తానే తగ్గిపోతుంది.

పెద్దల విషయంలో లోకం మరో కారణం చెబుతుంది. కోపం వచ్చినవాడు పళ్ళు పటపట కొరికాడని మన కథలన్నీ అంటాయి కదా! పగలు దిగమింగిన కోపమే రాత్రి దవడలలో పలుకుతుందన్న ఊహలో కొంత నిజం లేకపోలేదు. మానసిక ఒత్తిడికీ ఈ అలవాటుకూ సంబంధమున్నది. అయితే కథ అంతటితో ముగియదు. నిద్ర కొన్ని క్షణాలపాటు పలుచబడుతుంది. గుండె వేగం హెచ్చుతుంది. వెనువెంటనే దవడ కండరాలు లయబద్ధంగా బిగుసుకుంటాయి. పొగాకు, మద్యం, అతిగా తాగే కాఫీ, మానసిక చికిత్సలో వాడే కొన్ని మందులు దీనిని ప్రేరేపించవచ్చు. గురకతోపాటు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే వ్యాధి ఉన్నవారిలోనూ ఇది కనబడుతుంటుంది.

పంటిపై నుండే పింగాణి పొర మానవ శరీరంలోకెల్లా కఠినమైన పదార్థం. కాని విరిగిన ఎముక అతుకుతుంది. అరిగిన పింగాణి తిరిగి పెరగదు. అది అరిగిన కొద్దీ లోపలి పసుపు పొర బయటపడి, చన్నీళ్ళు తగిలినా పళ్ళు జివ్వుమంటాయి. పూడ్చిన పళ్ళు పగులుతాయి.

పళ్ళకొక కవచం

ఈ నష్టాన్ని ఆపడానికి దంతవైద్యులు ఇచ్చే సాధనమే 'నైట్ గార్డ్'. పళ్ళ వరుసకు అచ్చు తీసి, గట్టి ఆక్రిలిక్‌తో దానిని తయారు చేస్తారు. పై పళ్ళకో, కింది పళ్ళకో తొడుగులా అమరుతుంది. ఎదుటి వరుసలోని పళ్ళన్నీ దానిపై సమంగా ఆనేటట్లు వైద్యుడు అరగదీసి సరిచేస్తాడు. ఈ సవరణలోనే దాని విలువంతా ఉన్నది. వేడినీటిలో మెత్తబరచి ఎవరికి వారే అమర్చుకొనే రకాలు చవుకగా దొరుకుతాయి; అవి అంత చక్కగా కుదరవు, అంతకాలం మన్నవు. ముందు పళ్ళకు మాత్రమే తొడిగే రకాలను వైద్యుని పర్యవేక్షణ లేకుండా దీర్ఘకాలం వాడితే పళ్ళ అమరిక మారే ప్రమాదమున్నది.

మొదటి కొన్ని రాత్రులు నోరు నిండుగా, లాలాజలం ఎక్కువగా ఊరుతున్నట్లు అనిపిస్తుంది. క్రమంగా అలవాటవుతుంది. నొప్పి పెరిగినా, పళ్ళు మునుపటిలా కలవకపోయినా వెంటనే వైద్యునికి చూపాలి. ఉదయం తీయగానే చన్నీటితో, మెత్తని బ్రష్షుతో శుభ్రపరచి, ఆరనిచ్చి డబ్బాలో భద్రపరచాలి. వేడినీళ్ళు తగిలితే అది వంకరపోతుంది.

కవచం ఆపలేనిది

అయితే ఇది పళ్ళను కాపాడుతుందే గాని, కొరికే అలవాటును మాన్పిస్తుందని చెప్పలేము. అలా మాన్పించగలదనడానికి తగిన ఆధారాలు లేవని 2007లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. చాలామందికి దవడ నొప్పి తగ్గుతుంది; కొందరికి తగ్గదు. పెద్దగా గురకపెట్టి, పగలంతా కునికిపాట్లు పడేవారు గార్డుకు ముందే నిద్ర పరీక్ష గురించి వైద్యుని అడగడం మంచిది. పై పళ్ళకు తొడిగే గార్డు కొందరిలో ఆ శ్వాస ఇబ్బందిని పెంచవచ్చు. మందులే కారణమన్న అనుమానం కలిగినా వాటిని సొంతంగా మానరాదు. రాసిచ్చిన వైద్యునితోనే మాట్లాడాలి.

పగటిపూట చేయదగిన పని ఒకటున్నది. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళు కింది పళ్ళకు తగలనక్కరలేదు. పెదవులు కలిసి, పళ్ళు విడిగా ఉండడమే నోటికి సహజమైన విశ్రాంతి. లెక్కలు చూస్తున్నప్పుడో, బస్సు కోసం నిలబడినప్పుడో, ఎవరి మాటనో మౌనంగా భరిస్తున్నప్పుడో ఒక్కసారి గమనించండి: మీ పళ్ళు బిగిసి ఉన్నాయా? ఉంటే నెమ్మదిగా విడదీయండి.

కొన్ని నెలలు వాడిన గార్డును వెలుతురులో తిప్పి చూస్తే దానిపై గీతలు, గుంటలు కనబడతాయి. అవన్నీ పళ్ళకు తగలవలసిన దెబ్బలు. గార్డు అరిగితే మరొకటి చేయించుకోవచ్చు.