వేషం ఎవరిది, విరాళం ఎవరికి?

బడిలో యూనిఫాం లేని రోజు పిల్లలకు పండుగే. ఒంటిమీద వేషం, చేతిలో పది రూపాయలు. పోగైన సొమ్ము ఏ అనాథాశ్రమానికో చేరుతుంది. ఉపాధ్యాయుడిగా నేను హాజరుపట్టీ వైపు నుంచి చూస్తాను. ఆ రోజు రానిదెవరు? వేషానికి అద్దె కట్టలేనివారు. కొందరు యూనిఫాంలోనే వస్తారు. రోజూ అందరినీ ఒకటిగా చూపే ఆ బట్టలే ఆనాడు వారిని వేరుచేసి నిలబెడతాయి.

వేషాల తీరు మరీ బాధాకరం. రాజులు, దేవుళ్లు చప్పట్ల కోసం; చీపురు పట్టిన పారిశుద్ధ్య కార్మికురాలు, సోదె చెప్పే ఎరుకలసాని నవ్వుల కోసం. తల్లి తెల్లవారకముందే వీధులూడ్చి వచ్చే పిల్ల ఆ నవ్వుల మధ్యే కూర్చుని ఉంటుంది.

ఈ దేశంలో బట్ట ఎన్నడూ ఒట్టి బట్ట కాదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు దశాబ్దాలు పోరాడి, 1859లో పైవస్త్రం హక్కు సాధించారు. అదీ అగ్రకుల స్త్రీల తీరులో కప్పుకోరాదన్న షరతుతో. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేడ్కర్ దళిత స్త్రీలను, కులాన్ని పట్టిచ్చే చీరకట్టునూ నగలనూ విడిచిపెట్టమని కోరారు. అలా వదిలించుకున్న గుర్తులను మన వేదికలు బహుమతులిచ్చి మళ్లీ తొడుగుతున్నాయి.

దానం నేర్పవద్దనడం లేదు. యూనిఫాంలోనే నేర్పవచ్చు: మూత వేసిన డబ్బా, ఇచ్చినవారి పేర్లు చదవని అసెంబ్లీ. వేషాలే కావాలంటే తరగతిలోనే, పాత వార్తాపత్రికలతో, అందరూ కలిసి చేసుకోవచ్చు. జిగురు ఖర్చు బడిదే.