విడిభాగమునకు ఇంత వెల యేల?

అమెరికాలో కాపురమున్న మనవారు జనవరి మాసమున ఇంటికి ఫోను చేసి చెప్పు కష్టములలో “ఫర్నేసు ఆగిపోయినది” అనునది ఒకటి. బందరులోనో కరీంనగరములోనో ఉన్న తల్లిదండ్రులకు ఆ మాటలోని భయము వెంటనే బోధపడదు. 2019 జనవరి 30వ తేదీన షికాగో నగరమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 30 సెంటిగ్రేడు డిగ్రీలకు పడిపోయినది. అట్టి ఊళ్ళలో నేలమాళిగయందుండి సహజవాయువును మండించి, వేడిగాలిని రేకు గొట్టముల ద్వారా గదులకు పంపు యంత్రమే ఫర్నేసు. అది నిలిచినచో మనుష్యులు వణకుటయే గాక, నీటి గొట్టములు సయితము గడ్డకట్టి పగులును. మరమ్మతుదారు వచ్చి, చిన్న వస్తువొకటి మార్చి, వందల డాలర్ల బిల్లు చేతికిచ్చును. ఇది పగటిదోపిడి కాదా యని అడుగువారికి మా సమాధానము: కొంత అవును, చాలవరకు కాదు.

మంటను కనిపెట్టు కడ్డీనే తీసికొందము. పెన్సిలు కంటె సన్నని లోహపు పుల్ల యది. మంటలో విద్యుత్కణములుండుటచే, ఆ పుల్లనుండి జ్వాల గుండా కొన్ని మైక్రో ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించును. ఆ ప్రవాహము కానరానిచో, వాయువు మండక ఇంటిలో నిండునేమో యను జాగ్రత్తతో యంత్రము కొన్ని క్షణములలో వాయుద్వారమును మూసివేయును. ఆ పుల్లకు పూత పట్టినను ఇట్లే జరుగును. దాని ఖరీదు కొద్ది డాలర్లు మాత్రమే; పెక్కుసార్లు తుడిచిన చాలును. కావున ఆ బిల్లు పుల్లకు కాదు. అర్ధరాత్రి మంచులో బండి తోలుకొని వచ్చినందుకు, లైసెన్సునకు, భీమాకు, అన్నిటికంటె తుడువవలసినది ఆ పుల్లయే యని తెలిసినందుకు.

గాలిని నెట్టు మోటారు సంగతి వేరు. దాని వెల నిజముగానే వస్తువునందున్నది. పూర్వపు మోటారు కాలినచో దాని శక్తిని, వేగమును, తిరుగు దిక్కును చూచి, సరిపోవు మరియొకదానిని ఏ దుకాణములోనైనను కొనవచ్చును. 2019 జూలై 3వ తేదీనుండి అమెరికా ప్రభుత్వము కొత్త ఫర్నేసుల ఫ్యానులు తక్కువ విద్యుత్తుతో నడువవలెనని నిబంధన అమలుపరచినది. అందుచే ఎలక్ట్రానిక్ మోటార్లు సర్వసాధారణమైనవి. వీనిలో పెక్కింటికి వెనుక నొక సర్క్యూటు పెట్టె యుండును. ఏ మోడలు ఫర్నేసునకు ఎంత గాలి కావలెనో కర్మాగారములోనే అందు లిఖింపబడును. చూచుటకు ఒకే తీరుగ నున్న రెండు మోటార్లు ఒకదానికొకటి పనికిరాకుండుటకు కారణమిదియే. ఈ నిబంధన తప్పని మేమనము. విద్యుత్తు ఆదా నెలనెలా కొంచెముగా కనబడును. మోటారు వెల ఒక్కనాడే మీదపడును.

ఇక గిడ్డంగి. పదునైదేండ్ల క్రిందటి మోడలునకు కావలసిన బోర్డును ఎవరో యొకరు అన్నాళ్ళు అరలో నుంచవలెను. దానికి అద్దె, వడ్డీ తప్పవు. అమ్ముడుపోక పారవేయబడు వాని నష్టమును అమ్ముడుపోయిన వాని మీదనే వేయుదురు. విడిభాగములన్నియు కొని ఫర్నేసును కూర్చబూనినచో కొత్త యంత్రము వెలకు ఎన్నో రెట్లగును. మన ఇండ్లలో మిక్సీ జాడీ మూత పగిలినపుడు ఈ లెక్క కొంత అనుభవమునకు వచ్చినదే గదా!

తయారీదారునుండి టోకు వర్తకునికి, అతనినుండి మరమ్మతుదారునకు చేరువరకు మెట్టుమెట్టునను లాభము చేరును. టోకు వర్తకులలో పలువురు గృహస్థులకు అమ్మరు. చలిలో వణకువాడు బేరమాడడని అందరికిని తెలియును. మేము దోపిడి యన్నది ఈ భాగమునే.

దీనికి కొంత మందు కలదు. ఫర్నేసు లోపలి పలకపై నున్న మోడలు సంఖ్యను ముందే వ్రాసియుంచుకొనవలెను. వస్తువు ధరను, కూలిని వేరువేరుగ అడుగవలెను. మంట రగిలించు ఇగ్నైటరు వంటివానికి పలు మోడళ్ళకు సరిపోవు రకములు తక్కువ వెలకు దొరకును. అయితే వాయువు వాల్వు, ఉష్ణవినిమయపు పెట్టెల విషయమున పొదుపు కూడదు. ఆ పెట్టె పగిలినచో రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు ఇంటిలోనికి రాగలదు. పలు కంపెనీలు ఆ పెట్టెకు దీర్ఘకాలపు హామీ నిచ్చును గాని, దానిని విప్పి బిగించు కూలి సాధారణముగా అందులో చేరదు. కొన్న కొద్ది వారములలో పేరు నమోదు చేయింపనిచో హామీ గడువు తగ్గుట కలదు. ఇల్లు చేతులు మారినపుడును అంతే. పాత ఇల్లు కొనువారు ఆ కాగితమును రిజిస్ట్రేషనుకు ముందే అడిగి పుచ్చుకొనుట మేలు.