హెలికాప్టర్ మన హాల్లోకి ఎలా వస్తుంది?

వానాకాలంలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి ఒక్కసారి కళ్లు మూసుకోండి. ఒకవైపు గేట్ల నుంచి దూకే కృష్ణమ్మ హోరు, మరోవైపు రైలు వంతెన మీద బండి దడదడ, వెనక ఆటో హారన్. చూడకుండానే ఏది ఎటుందో చెప్పేస్తారు!

ఎందుకు?

కుడివైపు శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది. ఎడమ చెవికి చేరడంలో ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ కాస్త తేడానూ మెదడు పట్టేస్తుంది.

మరి హాల్లోకి హెలికాప్టర్ ఎలా?

సినిమా సౌండ్‌దీ ఇదే కిటుకు. 5.1 అంటే ముందు మూడు, పక్కల రెండు స్పీకర్లు. ఆ చివరి '1' సబ్‌ఊఫర్. ఉరుములాంటి లోతైన శబ్దాలే దాని పని. 7.1లో వెనక మరో రెండు చేరతాయి.

డాల్బీ డిజిటల్, డీటీఎస్ అనే రెండు సౌండ్ పద్ధతులూ 5.1 ఇస్తాయి. సినిమా డిస్కుల్లో మొదటిది శబ్దాన్ని బాగా కుదించి సర్దుతుంది. రెండోది తక్కువ కుదిస్తుంది కాబట్టి ఎక్కువ చోటు తీసుకుంటుంది. 1993లో 'జురాసిక్ పార్క్'కి డీటీఎస్ సౌండ్ రీలు మీద కాకుండా విడిగా సీడీల్లో వచ్చింది!

2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ దారి వేరు. 'ఈ స్పీకర్‌లో మోగు' అనదు, 'గదిలో ఈ చోట మోగు' అని శబ్దానికి చిరునామా ఇస్తుంది. 5.1.2లో చివరి '2' అంటే పైనుంచి వినిపించే రెండు స్పీకర్లు. అందుకే హెలికాప్టర్ నెత్తిమీద ఎగురుతుంది.

ఒక్క మాట: సోఫా గోడకు ఆనించకండి. వెనక శబ్దానికీ కాస్త చోటు కావాలిగా!