కేక వేయడమూ నేర్పాలి!

కరాటే అనగానే ఇటుకలు పగలగొట్టడమే మనకు గుర్తొస్తుంది. దాని పుట్టినిల్లు ఒకినావాలో 1901లో ఇటోసు అంకో అనే పెద్దాయన దాన్ని బడిపిల్లల కసరత్తులో చేర్చాడు. పిల్లలకని ఆయన కూర్చిన 5 వరుసల పేరు ‘పినాన్’. ప్రశాంతి అని అర్థం. తన్నుల విద్యకు ఎంత చల్లని పేరు!

ఇంతకీ మన చిట్టితల్లికి పనికొచ్చేదేమిటి? ఎవడైనా చెయ్యి పట్టుకుంటే ఊరికే వెనక్కి గుంజుకోరాదు. పట్టుకున్నవాడి బొటనవేలూ తక్కిన వేళ్లూ కలిసేచోటే పట్టు బలహీనం. మణికట్టు అటు తిప్పి చటుక్కున లాగాలి. గట్టిగా అరుస్తూ జనమున్న వైపు పరుగెత్తాలి. తన్నడం ఆఖరి మాట.

సాయంత్రం వాకిట్లో నాన్నగారే చెయ్యి పట్టుకుని, రోజూ నాలుగుసార్లు విడిపించుకోమనాలి. అరవడమే తొందరగా రాదు. పెద్దల ఎదుట గొంతెత్తవద్దని ఇన్నాళ్లూ నేర్పింది మనమే గదా! ముందు అమ్మగారు ఒక్క కేక వేసి చూపాలి.