చెదరిన డిస్కుల కూర్పు

గుంటూరు మిర్చి యార్డులో సరుకు అమ్మిన రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. ఆ లెక్క వ్యాపారి కంప్యూటరులోనూ ఉంటుంది. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన మరునాడు డిస్కులన్నీ ఖాళీగా కనిపించాయనుకొందాం. ఏడాది లెక్క పోయినట్లేనా?

తొందరపడనక్కరలేదు. పలు డిస్కులను ఒకే భాండారంగా కూర్చే పద్ధతికి రెయిడ్ అని పేరు. 1988లో ప్యాటర్‌సన్, గిబ్సన్, కాట్జ్ అనే బర్క్‌లీ శాస్త్రజ్ఞులు దీనిని వివరించారు. ఒక డిస్కులో 45 బస్తాలు, రెండవదానిలో 30, మూడవదానిలో మొత్తం 75 అని వ్రాసినట్లు భావించండి. రెండవది చెడినా 75 నుండి 45 తీసివేస్తే 30 దొరుకుతుంది. యంత్రం కూడికకు బదులు సరి బేసుల గణితాన్ని వాడుతుంది. సూత్రం మాత్రం ఇదే. రెండు డిస్కులు ఒక్కసారే చెడితే ఈ లెక్క సాగదు.

సిస్టమ్ మార్పులో తరచుగా పోయేది అక్షరం కాదు, క్రమం. త్రాడు తెగిన తాటాకు గ్రంథంలో ఆకులన్నీ ఉన్నా వరుస తప్పినట్లే, ఇక్కడ ఏది లెక్కో, ఏది మొత్తమో తెలియదు. పత్రసంఖ్యలను బట్టి పండితుడు ఆకులను కూర్చినట్లు, డిస్కులలో దాగిన గుర్తులను బట్టి నిపుణుడు వరుసను పోల్చుకొంటాడు. ముందుగా ప్రతి డిస్కుకూ నకలు తీసి, ఆ నకళ్లపైననే ప్రయత్నించాలి. కొత్త సిస్టమ్ డిస్కులను సిద్ధం చేయమంటారా అని వినయంగా అడుగుతుంది. ఆ వినయాన్ని నమ్మరాదు! సరేనంటే పాత గుర్తులపై కొత్తవి పడతాయి. తప్పు వరుసలో మొత్తాలను మరల గణింపజేస్తే మిగిలిన అంకెలూ చెరిగిపోతాయి.

రెయిడ్ ఉన్నదని వేరొకచోట ప్రతి ఉంచుకోని వ్యాపారులు కలరు. పొరపాటున తుడిచిన లెక్కను ఆ డిస్కులన్నీ కలిసి తుడిచివేస్తాయి. అప్పుడు రైతు దాచుకొన్న తక్‌పట్టీయే ఆధారం.