చేయి మారిన పెద్ద కారు

ఈ పూట నేను ముచ్చటింపదలచినది కొత్త కారును గూర్చి కాదు. ఇతరులు కొన్నియేండ్లు వాడి విడిచిన కారును, అందునను ఎత్తుగా నుండి ఇంటిల్లిపాదియు నెక్కుటకు వీలైన మధ్యరకపు కారును గూర్చి. ఈ జాతి బండ్లను ఎస్.యు.వి. లని పిలుచుచున్నారు. 2002లో స్కార్పియో, 2011లో ఎక్స్.యు.వి. 500, 2012లో డస్టరు, 2015లో క్రెటా మన దేశపు బజారులోనికి వచ్చినవి. నాడు వానిని కొత్తగా కొన్నవారు పలువురు ఇప్పటికే అమ్మివేసి వేరు బండ్లు తెచ్చుకొనిరి. పట్టణములో మొదటి యజమాని వద్ద కొంతకాలము తిరిగిన బండి పల్లెలో రెండవ యజమాని వాకిట నిలుచుట నేడు వింత కాదు.

నేనును నాలుగేండ్ల క్రిందట నట్టి బండి నొకటి కొంటిని. డీజిలుది, ఏడు సీట్లది, అప్పటికి ఏడేండ్ల వయసుది. మీటరు 92,000 కిలోమీటర్లు చూపుచుండెను. కంపెనీ పేరు చెప్పను. చెప్పినచో నది ప్రకటనయో నిందయో యగును, రెండును నా యుద్దేశములు కావు. మా యింట ఆరుగురము. మా తల్లికి మోకాళ్ల నొప్పులు. చిన్నకారులో కూర్చుండవలెనన్న నడుము వంచి క్రిందికి దిగవలయును, లేచునప్పుడు మరల పైకి లేవవలయును. ఈ బండిలో ఆసనము ఇంచుమించు నడుమెత్తున నుండుటచే ఆమె ప్రక్కకు జరిగి కూర్చుండును. వర్షాకాలమున మా డొంకదారిలో గాళ్లు పడినప్పుడు బండి యడుగు నేలకు తగులదు. ఈ రెండును చాలును. తక్కిన సుఖములను గూర్చి అమ్మువారే కావలసినంత చెప్పెదరు. మూడవ వరుస సీటు మాత్రము పిల్లలకే గాని పెద్దలకు కాదని నా యనుభవము.

పాత బండి చవుక యన్నమాట నిజమే. కాని యిందొక మెలిక యున్నది. ఏండ్లు గడచినకొలది కారు వెల తరుగునే గాని, దానికి వేయవలసిన సామానుల వెల తరుగదు. పదునైదు లక్షల బండిని ఐదు లక్షలకు కొన్నను, దాని టైర్లు, క్లచ్చి, బ్రేకులు పదునైదు లక్షల బండివే. మొదటి సంవత్సరమున నాకు నాలుగు టైర్లు, బ్యాటరీ, క్లచ్చి, ముందు చక్రముల యొద్ది రబ్బరు బుష్షులు, అన్నియు కలిసి ఒక లక్షా పదివేల రూపాయలైనవి. ఈ సొమ్మును బేరమునాడే లెక్కవేసి వెలలో తగ్గింపుమని యడిగియుంటిని గనుక నాకు కష్టము తోచలేదు. ఆ లెక్క వేయని వారికి ఆరునెలలలోనే బండిపై విరక్తి పుట్టును.

బండిని చూచుటకు ప్రొద్దుటనే పోవలెను. ముందుగా ఇంజను మూతపై చేయి వేసి చూడుడు. వెచ్చగా నున్నచో అమ్మువాడు మీరు రాకముందే నడిపి యుంచినాడని యర్థము. చల్లని ఇంజను తన రోగమును దాచలేదు. స్టార్టు చేయించి వెనుకకు పోయి పొగను చూడుడు. నీలిపొగ వచ్చుచున్నచో ఇంజను ఆయిలు కాలుచున్నది. తెల్లపొగ మొదట కొంచెము వచ్చి ఆగిపోయిన భయము లేదు; వేడెక్కిన పిదప కూడ వదలకున్నచో రేడియేటరు నీరు లోపలికి దిగుచున్నదేమో యని శంకింపవలెను. నల్లపొగ దట్టముగా వచ్చిన, డీజిలుకు తగినంత గాలి యందుట లేదనుకొనవచ్చును. తరువాత ఆయిలు మూత విప్పి చూడుడు. దాని యడుగున మజ్జిగ నురుగు వంటిది దట్టముగా నంటియున్నచో నీరు, ఆయిలు కలిసినవేమో యను అనుమానము కలుగును. అట్టి బండిని మంచి మెకానిక్కు చూడకుండ కొనరాదు.

టైరు ప్రక్కగోడపై నాలుగంకె లుండును. 3518 అని యున్నచో నది 2018లో ముప్పదియైదవ వారమున తయారైనదని యర్థము. బండి వయసునకును టైర్ల వయసునకును గల సంబంధము చూచిన, మీటరు చెప్పు కిలోమీటర్లు నమ్మదగినవో కావో కొంత తెలియును. ముప్పదివేలే తిరిగినదను బండికి టైర్లు రెండు మారులు మారియున్న నేమనుకొందుము? మీటరు నంకెలు వెనుకకు త్రిప్పువారు కలరు. కాని బ్రేకు పెడలు రబ్బరు అరుగుదలను, స్టీరింగు చక్రము నునుపును, డ్రైవరు సీటు అంచు నలుగుడును వెనుకకు త్రిప్పుట కష్టము.

కొన్ని ఇంజనులలో లోపలి భాగములను ఒకదానితో నొకటి వరుస తప్పకుండ నడిపించుటకు రబ్బరు బెల్టు నుంచెదరు, కొన్నిటిలో ఇనుప గొలుసు. బెల్టునకు కంపెనీవారు గడువు నిర్ణయించియుందురు. గడువు దాటి అది నడచుచుండగా తెగెనేని, చాలా డీజిలు ఇంజనులలో వాల్వులకు పిస్టనులు తగిలి ఇంజనే పాడగును. బెల్టు మార్పించుట వేలతో పోవును; పాడైన ఇంజనును బాగుచేయించుట లక్షలకు పోవచ్చును. మార్చిన రసీదు చూపని యెడల మారలేదనియే భావించి, కొన్న వెంటనే మార్పింపవలెను. నేనట్లే చేయించితిని.

వరదను కూడ తలపోయవలసియున్నది. 2015 డిసెంబరులో చెన్నపట్టణమున, 2020 అక్టోబరులో హైదరాబాదున, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు విజయవాడలో ఎన్నో కార్లు నీట నానినవి. కడిగి తుడిచిన నానిన బండియు మెరయును. సీటుబెల్టును చివరివరకు లాగి చూడుడు. కొనభాగమున బురదచార యుండవచ్చును. సీట్లక్రింది ఇనుపకడ్డీల త్రుప్పును, తివాచీ యడుగున వాసనను చూడుడు. నీరు పట్టిన విద్యుత్తు తీగెలు నెలల తరువాత గాని తమ గుణము చూపవు.

ఇక కాగితముల సంగతి. దీనిపై కొంచెమెక్కువ సేపు నిలిచెదను, ఏలయన మన పల్లెలలో బండికంటె కాగితమే ఎక్కువమందిని ముంచినది. సొమ్ము చేతిలో పడినది, స్టాంపు కాగితముపై సంతకములైనవి, తాళము చేయి మారినది. ఇంతటితో అమ్మకము ముగిసినదని మనవారి తలంపు. చట్టమట్లు తలపదు. రవాణాశాఖ పుస్తకములో ఎవరి పేరున్నదో వారే యజమాని. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఒక వ్యాజ్యమున దీనిని విస్పష్టముగా చెప్పినది. ఆ కారు ఒకరినుండి మరియొకరికి పలుచేతులు మారినను పుస్తకమున మొదటివాని పేరే నిలిచియుండెను. ప్రమాదము జరిగి ఒక పసివాడు మరణింపగా, పరిహారభారము ఆ మొదటివానిపైననే పడినది. మా ప్రక్క గ్రామపు రైతొకరు బండి అమ్మి, కొన్నవాని మాట నమ్మి ఊరకుండిరి. ఏడాదిన్నర తరువాత కోర్టునుండి నోటీసు వచ్చినది. బండి ఎక్కడ నున్నదో కూడ ఆయనకు తెలియదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, అదే రాష్ట్రములో నమ్మినచో అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను రవాణాశాఖకు తెలుపవలెను. 29, 30 నంబరుల ఫారములు ఇందులకే. బండిపై అప్పున్నచో బ్యాంకువారి అనుమతిపత్రముతో 35వ ఫారము పెట్టి ఆ బంధమును తొలగింపవలెను. లేకున్న మీ బండి వేరొకని అప్పునకు తాకట్టుగనే యుండును. బీమా విషయము మరువరాదు. ఇతరులకు కలుగు నష్టమునకు సంబంధించిన భాగము బండి వెంట వచ్చినను, మీ బండికి కలిగిన నష్టము మీకు రావలెనన్న బీమాపత్రము మీ పేర మారవలెను. దానికి పదునాలుగు దినములు గడువు. మొదటి యజమాని సంపాదించిన ‘నో క్లెయిము బోనసు’ ఆయనదే, బండిది కాదు.

ఢిల్లీ బండ్లు చవుకయని తెచ్చువారు కలరు. కారణమిది. పదేండ్లు దాటిన డీజిలు బండ్లు ఆ ప్రాంతమున తిరుగరాదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునలు ఉత్తరువు చేసెను. 2018లో సుప్రీం కోర్టు దానిని నిలిపెను. అటుపిమ్మట ఆ నిబంధనపై వాదములు సాగుచునే యున్నవి. ఏమైనను, అక్కడి బండి యిక్కడ నుండవలెనన్న అక్కడి కార్యాలయపు నిరభ్యంతరపత్రము కావలెను, పండ్రెండు నెలలు దాటిన ఇక్కడి నంబరు తీసికొనవలెను, మన రాష్ట్రపు జీవితపన్ను కట్టవలెను. ఇవి కలుపుకొన్న పిమ్మట చవుక యెంత మిగులునో లెక్క కట్టిన తరువాతనే రైలెక్కుట మేలు.

నడుపుట మాటకు వచ్చిన, ఎత్తైన బండికి బరువు కూడ పైననే యుండును. చిన్నకారు మలుపు తిరిగిన వేగమున ఇది తిరిగిన దొర్లు భయము హెచ్చు. పైకప్పుపై ధాన్యపు బస్తాలు వేయుటచే ఆ భయము ఇంకను పెరుగును. మరియొక మాట. ఈ ఇంజనులలో టర్బో యను చిన్నచక్ర మొకటి పొగయూపున నిమిషమునకు లక్షకు పైబడి చుట్లు తిరుగును. దానిని కాపాడునది ఆయిలే. దూరప్రయాణమునుండి వచ్చి దిగగానే తాళము త్రిప్పక, అరనిమిష మాగినచో టర్బో చల్లబడును. మా డ్రైవరు దీనిని బండి కాయాసము తీర్చుట యనును.

2020 ఏప్రిల్ తరువాతి డీజిలు బండ్లలో పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ యొకటి సామాన్యముగా నుండును. ఆ మసి కాలవలెనన్న అప్పుడప్పుడు పెద్దరోడ్డుపై కొంతసేపు నిలకడగా నడువవలెను. ఇంటినుండి పొలమునకు, పొలమునుండి ఇంటికి మాత్రమే తిరుగు బండిలో జల్లెడ పూడుకొనిపోవును. అట్టి యవసరమున్న వారు పెట్రోలుదాని నడుగుట మేలు.

మా బండి ప్రస్తుతము 1,38,000 కిలోమీటర్లు తిరిగినది, లీటరునకు పండ్రెండు మొదలు పదుమూడు వరకు ఇచ్చుచున్నది. సొంతకార్ల రిజిస్ట్రేషనునకు పదునైదేండ్లు గడువు గనుక, ఇంకను నాలుగేండ్లున్నది. అటుపై తనిఖీలో నెగ్గిన ఐదేండ్లకు పొడిగింతురు; ఆ రుసుమును 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయలు మొదలు 5,000 రూపాయలకు పెంచిరి. త్రుప్పు పట్టకుండ అడుగుభాగమునకు రంగు పూయించుటకు ఈ వేసవిలో తీసికొనిపోవలెనని యున్నాను.