తరంగ దైర్ఘ్యము – దాని మానములు

భౌతిక రాశిని కొలుచుట యనగా, ఆ జాతికే చెందిన మఱియొక రాశిని ప్రమాణముగా గైకొని, అట్టివి దానియందెన్ని యిమిడియున్నవో లెక్కించుట. కనుక ప్రతి కొలతయందును సంఖ్య, మానము అను రెండును ఉండును. మానమును విడిచి చెప్పిన సంఖ్యకు అర్థము లేదు. ప్రమాణము మనుజులు కల్పించుకొన్నదే యైనను, కొలువబడు వస్తువునకు తగినదై యుండవలెను. బంగారమును బారువలతో తూచువారు లేరు గదా!

పూర్వము చెన్నపురి రాజధానిలో 120 తులములు ఒక వీశెగను, 8 వీశెలు ఒక మణుగుగను, 20 మణుగులు ఒక బారువగను చెల్లుచుండెను. 1956 నాటి తూనికలు కొలతల శాసనముననుసరించి 1958 అక్టోబరు మొదలు కిలోగ్రాము క్రమక్రమముగా వానికి మారుగా వచ్చెను. అయినను వృత్తులలో పాదుకొన్న మానములు అంత సులభముగా తొలగిపోవు. లుంగీల నేతకు పేరొందిన గుడియాత్తమున నేతగాడు నూలును నేటికిని నంబరుతోనే గుర్తించును. ఒక పౌను తూకపు నూలులో 840 గజముల చిలపలు ఎన్ని యుండునో ఆ సంఖ్యయే నంబరు. 40వ నంబరు నూలు పౌనుకు 33,600 గజములు. 80వ నంబరైనచో 67,200 గజములు. నంబరు హెచ్చినకొలది దారము సన్నబడును. ఆ పని ఎఱుగనివానికిది తలక్రిందుగా తోచును.

కాంతిశాస్త్రమందును ఇట్టి లెక్క కలదు. తరంగ దైర్ఘ్యమనగా ఒక తరంగ శిఖరము మొదలు తరువాతి శిఖరము వఱకు గల దూరము. దానికి బదులు, సెంటీమీటరు పొడవున ఎన్ని తరంగములు పట్టునో చెప్పుటయు కలదు. దీనిని తరంగ సంఖ్య యందురు. ఇది పెరిగినకొలది తరంగము పొట్టిది.

రేడియో తరంగములను మీటర్లలో చెప్పవచ్చును. కంటికి కనబడు వెలుగునకు మీటరు మిక్కిలి పెద్దది. మీటరును 100 కోట్ల వంతులు చేసినచో, ఊదా మొదలు ఎఱుపు వఱకు గల కిరణముల దైర్ఘ్యములు సుమారు 400 నుండి 700 వంతులుండును. ఆ ఒక్క వంతునకు నేడు నానోమీటరని పేరు. వెనుకటి పాఠ్యగ్రంథములలో మిల్లీమైక్రాను అని వ్రాసినదియు నిదియే. పేరు మాఱెను గాని ప్రమాణము మాఱలేదు. ఇందు పదవ వంతు ఆంగ్‌స్ట్రాము. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఆంగ్‌స్ట్రాము 1868లో ప్రకటించిన సూర్యవర్ణపటమునందు ఈ మానమును వాడుటచే దానికాయన పేరు నిలిచినది.

ఆ 1868వ సంవత్సరమే ఆగస్టు 18వ తేదీన తెలుగుదేశమున సంపూర్ణ సూర్యగ్రహణము కానవచ్చెను. ఫ్రెంచి పండితుడు జాన్సెను గుంటూరునందును, చెన్నపురి వేధశాలాధికారి పాగ్సను మచిలీపట్టణమునందును దానిని వర్ణదర్శినులతో పరిశీలించిరి. సూర్యబింబపు అంచున ఎగయు జ్వాలల వెలుగులో పసుపుపచ్చని రేఖ యొకటి కనబడెను. సోడియపు పసుపు రేఖలు రెండు ఆ చెంతనే యుండుటచే, ఇదియు సోడియమే యని తలచుట సహజము. ఆ అక్టోబరులో ఇంగ్లండునందు లాకియరు పరిశీలింపగా, ఇది వానితో కలియుటలేదని తేలెను. సోడియపు రేఖలు 5896, 5890 ఆంగ్‌స్ట్రాములు. ఈ రేఖ 5876. దగ్గఱి రేఖతో భేదము 14 మాత్రమే. అనగా నాలుగువందల పైచిలుకు పాళ్ళలో ఒక పాలు. ఆ పాలు పట్టుబడనిచో హీలియమను మూలకము సోడియపు నీడలో మఱుగుపడియే యుండెడిది. 1895లో రామ్సే దానిని భూమిపై ఒక ఖనిజమునందు కనుగొనెను.

కొలత ఇంత సూక్ష్మమైనపుడు కోలయే తప్పైనచో నేమగును? ఆంగ్‌స్ట్రాము ఆధారపడిన మీటరు కోల సరియైనది కాదని పిమ్మట తేలెను. ఆయన అంకెలలో ఏడెనిమిది వేల పాళ్ళలో ఒక పాలు దోషము కలదు. పసుపు రేఖ వద్ద అది ఒక ఆంగ్‌స్ట్రామునకు లోపే గనుక హీలియమునకు ముప్పు రాలేదు. కాని అంతటితో శాస్త్రజ్ఞులు తృప్తి చెందలేదు. 1907లో పద్ధతినే త్రిప్పివేసిరి: కాడ్మియపు ఎఱ్ఱరేఖ 6438.4696 ఆంగ్‌స్ట్రాములని నిర్ణయించి, దానినుండియే మానమును రాబట్టిరి. 1960లో మీటరు సయితము క్రిప్టాను-86 నారింజరేఖ తరంగములు 16,50,763.73 చేరిన పొడవుగా నిర్వచింపబడెను. 1983 నుండి అది, సెకనులో 29,97,92,458వ వంతు కాలమున వెలుగు శూన్యమందు పోవు దూరము.

గుడియాత్తమువలెనే వెనుక ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరియుండి, నేడు తిరుపత్తూరు జిల్లాలోనున్న కావలూరునందు, జవ్వాది కొండలపై, వేధశాల కలదు. దాని స్థాపకులు వేణు బప్పు హైదరాబాదు నిజాం కళాశాలలో చదివినవారు. చల్లని నక్షత్రముల వర్ణపటమున 3934 ఆంగ్‌స్ట్రాముల చెంత కాల్షియపు రేఖ నడుమ వెలుగు చాలు ఒకటి యుండును. దాని వెడల్పును బట్టి నక్షత్రపు నిజకాంతిని గణింపవచ్చునని 1957లో విల్సనుతో కూడి ఆయన చూపిరి. ఆ వెడల్పును వారు సెకనుకు కిలోమీటర్లలో వ్రాసిరి. తరంగ దైర్ఘ్యపు భేదమును వేగముగా మార్చవచ్చును. ఆ రేఖ వద్ద ఒక ఆంగ్‌స్ట్రాము సెకనుకు సుమారు 76 కిలోమీటర్లకు సమానము.

1986లో బప్పు పేరు పెట్టబడిన కావలూరు పెద్ద దూరదర్శిని అద్దపు వ్యాసము 2.34 మీటర్లు. ఇట్టి అద్దమును సానబట్టునపుడు, దాని తలమున మిగిలిన మిట్టపల్లములను మాత్రము మీటర్లలో చెప్పరు; వెలుగు తరంగ దైర్ఘ్యములో ఎన్నవ వంతు అని చెప్పుదురు.